మెట్ల హ్యాండ్‌రెయిల్‌ను పవర్ టూల్స్‌తో మలచడం ఎలా?

హ్యాండ్‌రెయిల్ అనగానే అందరి చూపూ పైభాగం మీదికే పోతుంది. మీరు మాత్రం ముందు కింది సగం గురించి ఆలోచించండి. కాలు జారినప్పుడు మనిషిని నిలబెట్టేది కింది నుంచి చుట్టుకున్న వేళ్లే. దిట్టంగా కనబడాలని నాలుగంగుళాల వెడల్పు చెక్క తీసుకుని, పై అంచులు కాస్త గుండ్రం చేసి బిగించేస్తుంటారు. చెయ్యి ఆనించుకోవడానికి అది బాగానే ఉంటుంది గానీ పట్టు దొరకదు.

ఇంకో సంగతి కోతల వరుస. నలుపలకలుగా ఉన్న చెక్కకు నాలుగు చదును ముఖాలుంటాయి. రౌటర్ (బిట్ అనే కోత పరికరాన్ని గిర్రున తిప్పి చెక్క అంచులు మలిచే మెషిన్) బేస్ ఆనేదీ, బిట్ కొసనున్న బేరింగ్ దొర్లేదీ, క్లాంప్ పట్టేదీ వాటి మీదే. కోత కోతకీ వాటిలో కొంత పోతూ ఉంటుంది. అందుకని ఏ కోతకు ఎక్కువ ఆధారం కావాలో దాన్ని ముందు చేసేయాలి. చాలామంది దీన్ని తిరగేసి, సులువైన చిన్న కోతలు ముందు చేసుకుంటారు. తీరా పెద్ద కోతకొచ్చేసరికి మెషిన్ ఆనడానికి చోటు ఉండదు.

ముందు కొలతలు

చేతి పట్టుకు సరిపోయే గుండ్రటి రెయిల్ వ్యాసం 32 నుంచి 50 మి.మీ. గుండ్రం కాని ఆకారమైతే చుట్టుకొలత 100 నుంచి 160 మి.మీ. మధ్య ఉండాలి. అమెరికా నివాస భవనాల కోడ్ కూడా దాదాపు ఇవే అంకెలు చెబుతుంది. అంతకన్నా లావు రెయిల్ కావాలంటే రెండు పక్కలా వేళ్లు దూరేలా కనీసం 8 మి.మీ. లోతు గాడి తీయాలి. మెట్టు అంచు నుంచి నిటారుగా కొలిస్తే రెయిల్ పైభాగం 865 నుంచి 965 మి.మీ. ఎత్తులో ఉండాలి. గోడకూ రెయిల్‌కూ మధ్య 38 మి.మీ.కి తగ్గకూడదు, 45 ఉంటే వేళ్ల కణుపులు గోడకు గీసుకోవు. మీ దగ్గర భవన నిబంధనలు వేరే అంకెలు చెబితే వాటినే పాటించండి.

ఇక్కడ మనం చేయబోయేది 44 మి.మీ. వెడల్పు, 48 మి.మీ. ఎత్తు ఉన్న రెయిల్. పై రెండు అంచులకు 20 మి.మీ. వ్యాసార్థం, కింది రెండు అంచులకు 12 మి.మీ. వ్యాసార్థం. అన్నీ గుండ్రం చేశాక చుట్టుకొలత సుమారు 157 మి.మీ. వస్తుంది, హద్దు లోపలే. పైన 4 మి.మీ., పక్కల 16 మి.మీ. చదును మిగులుతుంది. ఆ 16 మి.మీ. ఎందుకు కావాలో కాసేపట్లో తెలుస్తుంది.

పొడవు లెక్క సులువు. మెట్టు ఎత్తు 175 మి.మీ., ముందు నుంచి వెనక్కి మెట్టు వెడల్పు 250 మి.మీ. అనుకుంటే వాలు 35 డిగ్రీలు, ఒక్కో మెట్టుకూ వాలు మీద 305 మి.మీ. రెయిల్ పడుతుంది. దాన్ని మెట్ల సంఖ్యతో హెచ్చించి, రెండు కొసల్లోనూ 150 మి.మీ. చొప్పున అదనంగా కలుపుకోండి. ఆ అదనపు కొసలు చివర్లో కోసేసేవే అయినా, పని నడిచినంతసేపూ వాటితో అవసరం ఉంటుంది. లెక్క వేసినా సరే, ఒక పొడవాటి బద్దను మెట్ల అంచుల మీద ఆనించి వాలును బెవెల్ గేజ్‌తో (కోణం పట్టే పరికరంతో) పట్టుకోండి. కట్టిన మెట్లన్నీ ఒకే కొలతలో ఉండటం అరుదు.

చెక్క ఎంపిక

నార నేరుగా పరిగెత్తే గట్టి చెక్క తీసుకోండి. టేకు, ఓక్, బీచ్, మేపుల్ ఏదైనా ఫరవాలేదు. ముడులున్న ముక్క రెయిల్‌కు పనికిరాదు. ముడి చుట్టూ నార అటూ ఇటూ తిరుగుతుంది, రౌటర్ అక్కడికి రాగానే పెచ్చు లేపేస్తుంది. ఇంటి లోపల వాడే చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. చెక్కను బిగించబోయే గదిలోనే, కింద బద్దలు పెట్టి గాలి ఆడేలా రెండు వారాలు పడేయండి. పచ్చి చెక్కను ఎంత బాగా మలిచినా తర్వాత మెలి తిరిగిపోతుంది.

ఒకే ముక్కలో అంత మందం దొరక్కపోతే రెండు పలకలు అతికించుకోవచ్చు. కొసల్లో కనబడే వలయాలు ఒకదానికొకటి ఎదురుగా వంగేలా పెట్టి, జిగురు రాసి, 150 నుంచి 200 మి.మీ.కో క్లాంప్ బిగించండి. ఒక రోజు గడిచాకే మెషిన్ కింద పెట్టాలి. తర్వాత నాలుగు ముఖాలూ చిత్రిక పట్టి మూలమట్టంతో సరిచూడండి. ఇక్కడ ఒక డిగ్రీ తేడా వచ్చినా రౌటర్ ఆ తేడాను రెయిల్ పొడవునా మోసుకుపోతుంది. నార ఎటు వాలి ఉందో ఒక బాణం గీసి, పైముఖం మీద పెన్సిల్‌తో ‘పైన’ అని రాసి పెట్టుకోండి.

అదే కొలతల్లో ఒక మీటరు పొడవు తుక్కు ముక్క కూడా సిద్ధం చేసుకోండి. ప్రతి బిట్ సెట్టింగూ ముందు దాని మీదే చూసుకోవాలి.

కదలకుండా పట్టి ఉంచడం

పైనా పక్కలా రౌటర్ తిరుగుతుంటే క్లాంప్ ఎక్కడ వేస్తారు? రెయిల్ కన్నా సన్నగా, 25 మి.మీ. వెడల్పున్న బద్దను రెయిల్ కింది ముఖానికి నడిమధ్యన స్క్రూలతో బిగించండి. ఆ బద్దను వైస్‌లోనో, చెక్క పనికి వాడే రెండు స్టాండ్ల మీదో క్లాంప్ చేయండి. స్క్రూలు 20 మి.మీ.కి మించి లోపలికి వెళ్లకూడదు. తర్వాత బ్రాకెట్లు వచ్చే చోటే స్క్రూలు వేస్తే ఆ బెజ్జాలు కనబడవు.

రెండో సమస్య, 44 మి.మీ. వెడల్పు మీద రౌటర్ నిలవదు. బేస్‌లో సగానికి పైగా గాల్లో ఉంటుంది, చెయ్యి కాస్త వాలితే చాలు బిట్ చెక్కలోకి దిగబడి గుంట పడుతుంది. దీనికి విరుగుడు: కోయబోయే అంచుకు అవతలి వైపున, అదే ఎత్తున్న ఇంకో చెక్కను రెయిల్‌కు ఆనించి బిగించండి. రౌటర్ బేస్ ఆ రెండింటి మీదా పరుచుకుని కూర్చుంటుంది. మీ బరువు ఎప్పుడూ ఆ తోడు చెక్క వైపే ఉండాలి. మొదటి అంచు పూర్తయ్యాక తోడు చెక్కను గుండ్రం చేసిన వైపుకు మార్చుకుంటే రెండో అంచుకూ అదే ఆధారం దొరుకుతుంది.

రెయిల్ రెండు మీటర్లలోపు ఉంటే రౌటర్ టేబుల్ మీద, ఫెన్స్‌కు (దారి తప్పకుండా ఆపే అడ్డుపలకకు) ఆనించి, చెక్కను దానికి అదిమి ఉంచే ఫెదర్‌బోర్డ్ పెట్టి కోయడం సుఖం. అంతకన్నా పొడవైతే చెక్కను బిగించి మెషిన్‌ను నడిపించడమే మేలు. మూడున్నర మీటర్ల కర్రను టేబుల్ మీద తోయాలంటే అటూ ఇటూ మనుషులు కావాలి, వాళ్లలో ఒకరు చెయ్యి కాస్త దించినా కోత వంకర పోతుంది.

ముందు మూలలు కొట్టేయండి

అంచును గుండ్రం చేసే 20 మి.మీ. రౌండోవర్ బిట్ పెద్దది, అడ్డంగా 50 మి.మీ. పైనే ఉంటుంది. మొత్తం చెక్కను దానితోనే తీయించాలని చూస్తే మెషిన్ వణుకుతుంది, చెక్క కాలుతుంది. ముందే మూలను ఏటవాలుగా తీసేస్తే సగం శ్రమ తగ్గుతుంది. మూల నుంచి రెండు ముఖాల మీదా 10 మి.మీ. దూరంలో గీతలు గీసి, టేబుల్ రంపం బ్లేడును 45 డిగ్రీలకు వంచిగానీ, ఎలక్ట్రిక్ ప్లేనర్‌తోగానీ ఆ గీతల దాకా తీయండి. ఈ 10 ఊరికే అనుకున్న అంకె కాదు. 20 మి.మీ. వ్యాసార్థానికి 11.7 మి.మీ. దగ్గర ఏటవాలు కోత గుండ్రటి గీతను తాకుతుంది, అది దాటితే అసలు ఆకారంలోకే దిగిపోతారు. కింది 12 మి.మీ. అంచులకు ఇదే లెక్కన 6 మి.మీ. చాలు. కొసల్లో వదిలిన 150 మి.మీ. మేర మాత్రం ఏమీ కొట్టకుండా నలుపలకలుగానే ఉంచండి. ప్లేనర్‌తో అది సులువు. రంపం మీద మధ్యలో మొదలుపెట్టి మధ్యలో ఆపడం ప్రమాదం, కాబట్టి ఈ పనికి ప్లేనర్ వైపే నా మొగ్గు.

రౌటర్ కోత

బిట్ మార్చే ముందు ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. షాంక్‌ను (బిట్ కాడను) దాన్ని పట్టి ఉంచే కోలెట్‌లో అడుగు దాకా దించి, 2-3 మి.మీ. పైకి లాగి బిగించండి. ఇంత పెద్ద బిట్‌కు 12 మి.మీ. షాంక్ ఉన్నదే తీసుకోవాలి, 6 మి.మీ. షాంక్ వద్దు. వేగం కూడా తగ్గించాలి: 25 మి.మీ. లోపు బిట్లు 24,000 ఆర్‌పీఎం దాకా తట్టుకుంటాయి గానీ, 50 దాటిన బిట్‌కు 16,000 చాలు. బిట్ మీద ముద్రించిన గరిష్ఠ వేగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ దాటించకండి.

కోతల వరుస ఇది. పక్కల్లో వేళ్ల గాడి కావాలనుకుంటే అన్నిటికన్నా ముందు అదే, గుండ్రటి గాడి తీసే కోర్ బాక్స్ బిట్‌తో, ఫెన్స్ లేదా ఎడ్జ్ గైడ్ ఆధారంగా. అయితే తర్వాత వచ్చే రౌండోవర్ బేరింగ్ ఆ గాడి ఉన్న ఎత్తులోనే దొర్లాల్సి వస్తే దాంట్లోకి పడిపోతుంది, రెయిల్ అంచు అక్కడ లోపలికి కోసుకుపోతుంది. అందుకని గాడి ఉన్న రెయిల్‌కు చివరిదాకా ఫెన్స్‌నే నమ్ముకోండి. మన 44×48 ఆకారానికి గాడి అవసరం లేదు.

తర్వాత పై అంచులు రెండూ. ఇది పెద్ద కోత, బేస్ కిందినుంచి చదును ఎక్కువగా పోయే కోత. కింది అంచులు ఇంకా చెక్కుచెదరలేదు కాబట్టి పక్క ముఖం మీద బేరింగ్‌కు 28 మి.మీ. చదును దొరుకుతుంది. ఆ తర్వాతే కింద బిగించిన బద్ద విప్పి, రెయిల్‌ను తిప్పి, కింది అంచులు. అప్పటికి పక్కల మిగిలే చదును 16 మి.మీ. మాత్రమే, బేరింగ్ దొర్లేది దాని మీదే. అదే కొందరిలా కింద కూడా 20 మి.మీ. వ్యాసార్థం పెట్టుకుని ఉంటే, ఈ దశలో బేరింగ్‌కు 8 మి.మీ. చదునే మిగిలేది. ఇక రెయిల్ తిప్పాక అది దొర్లిపోకుండా కాపాడేవి మీరు ముందు వదిలిన ఆ నలుపలకల కొసలే. క్లాంపులు వాటికే వేయండి. పొడవాటి రెయిల్ మధ్యలో కిందికి కుంగకుండా అక్కడో ఆసరా పెట్టండి.

మెషిన్ నడిపే దిక్కు విషయంలో పొరపాటు పనికిరాదు. కోసే అంచు మీ వైపు ఉంటే చేతి రౌటర్‌ను ఎడమ నుంచి కుడికి నడపాలి. టేబుల్ మీదైతే చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. దిక్కు తప్పితే బిట్ చెక్కను పట్టుకుని మెషిన్‌ను ముందుకు లాగేస్తుంది. ఒక్కో విడతలో 3-4 మి.మీ.కి మించకుండా లోతు పెంచుతూ రండి. ఆఖరి విడతకు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో ఉంచి, ఆ విడతను మధ్యలో ఆగకుండా ఒకే నడకలో తీసుకెళ్లండి. ఆగిన చోటల్లా నల్లటి మచ్చ పడుతుంది, సాండింగ్‌తో దాన్ని వదిలించడం విసుగు పని. మేపుల్, చెర్రీ లాంటి చెక్కలు మరీ తొందరగా కాలుతాయి. కాలడం ఆగకపోతే బిట్ మీద బంక పేరుకుందేమో చూసి తుడవండి, అప్పటికీ ఆగకపోతే పదును పోయినట్టే.

చెవి పెట్టి వింటూ ఉండండి. సాఫీగా కోసేటప్పుడు మెషిన్ ఒకే శ్రుతిలో మోగుతుంది. టప్‌టప్‌మని చప్పుడు మొదలైతే పేళ్లు లేస్తున్నాయని అర్థం. వెంటనే లోతు తగ్గించండి.

వంపులు

వాలుగా వచ్చిన రెయిల్ పైన మట్టంగా మారే చోట వంపు కావాలి. రెండు ముక్కలను 17.5 డిగ్రీల చొప్పున కోసి కలిపితే 35 డిగ్రీల మలుపు వస్తుంది గానీ, ఆ మూల చేతికి తగులుతూ ఉంటుంది. అందంగా రావాలంటే వంపు ముక్కను విడిగా చెక్కాలి.

44 మి.మీ. మందం ఉన్న వెడల్పు పలక మీద వాలు గీతా, మట్టం గీతా గీసి, వాటిని కలుపుతూ వంపు గీయండి. రెండు కొసల్లోనూ 50 మి.మీ. చొప్పున నేరు భాగం ఉండాలి, అతుకు వంపులో పడకూడదు. నార వంపు కొస నుంచి కొసకు నేరుగా పరిగెత్తేలా పలకను తిప్పుకోండి. 35 డిగ్రీల వంపుకు ఇలా చాలు. 90 డిగ్రీల మలుపైతే ఒకే ముక్కలో నార ఎక్కడో అక్కడ అడ్డం పడి విరుగుతుంది, దాన్ని రెండు ముక్కలుగా చేసి అతికించాలి. బ్యాండ్ సా లేదా జిగ్ సాతో గీతకు 2 మి.మీ. బయటగా కోయండి.

నేరు రెయిల్‌కు ఆ వైపున్న నలుపలకల కొసను కోసేసి, వంపు ముక్కను మలచకముందే దానికి బిగించండి. ఇందుకు హ్యాండ్‌రెయిల్ బోల్టు దొరుకుతుంది: ఒక కొసన చెక్కలోకి దిగే మర, రెండో కొసన నట్టు పట్టే మర. రెయిల్ అడ్డుకోత ఆకారంలో పల్చటి ప్లైవుడ్ ముక్క ఒకటి కోసి, దానికి ఒక చిన్న బెజ్జం పెట్టి, ‘పైన’ అని గుర్తు రాసుకుంటే రెండు కొసల్లోనూ బెజ్జం కచ్చితంగా ఒకే చోట పడుతుంది. నట్టు తిప్పడానికి కింది నుంచి 25 మి.మీ. బెజ్జం వేయాలి, పైన కనీసం 12 మి.మీ. చెక్క మిగిలేలా. పక్కన ఒక చిన్న డోవెల్ (చెక్క మేకు) పెడితే ముక్క తిరగదు.

ఇప్పుడు మలచడం. నేరు రెయిల్ మీద మొదట గీసిన ఆ 10, 6 మి.మీ. గీతలనే వంపు మీదికి కూడా సాగదీయండి. పెన్సిల్‌ను వేళ్ల మధ్య పట్టుకుని, చూపుడు వేలును పక్క ముఖానికి ఆనించి లాగితే గీత వంపుతో పాటే వస్తుంది. గ్రైండర్‌కు కార్బైడ్ పళ్లున్న షేపింగ్ డిస్క్ తగిలించి, గీతల మధ్య ఏటవాలు చదును తీయండి. ఆ చదునుకు రెండు వైపులా ఉన్న కొత్త మూలలను మళ్లీ కొట్టేయండి. ఇలా చదునులు సన్నబడుతూ వస్తే గుండ్రం దానంతటదే తేలుతుంది. మొదటే గుండ్రంగా తీయాలని చూసినవాళ్లకు ఆకారం ఎక్కడో చోట గుంట పడుతుంది.

గ్రైండర్ గార్డు తీయకండి, రెండు చేతులతో పట్టుకోండి, డిస్క్ రేటింగ్ మెషిన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. లోహం కోసే డిస్క్ దీనికి వాడకూడదు. చెయిన్ సా పళ్లున్న డిస్కులు చెక్కను చకచకా తింటాయి గానీ, కరుచుకుంటే మెషిన్ ఎగిరి మీదికొస్తుంది. ఇంత చిన్న పనికి ఆ ప్రమాదం అక్కర్లేదు. వదులు గ్లౌజులు, వేలాడే చేతులున్న చొక్కా ఈ మెషిన్ల దగ్గరికి రానివ్వకండి. కళ్లద్దాలతో పాటు ముఖానికి షీల్డ్, చెవులకు మఫ్‌లు పెట్టుకోండి.

వంపు ముక్కను పక్కకు పడుకోబెట్టి రౌటర్‌తోనే గుండ్రం చేయొచ్చు కదా అంటారా? కుదురుతుంది గానీ, రెండో అంచుకు వచ్చేసరికి బేరింగ్‌కు మిగిలేది 4 మి.మీ. పట్టీ. వంపులో నార దిక్కు కూడా మారిపోతుంది. చిన్న ముక్క మీద పెద్ద బిట్ తిప్పే సాహసం కన్నా గ్రైండర్, ఆ తర్వాత అరగంట ఆకురాయి పని నాకు నచ్చుతాయి. అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉండగానే గ్రైండర్ పక్కన పెట్టేసి, మిగతాది ఆకురాయితో రెండు వైపులా కలుపుకుంటూ దించండి.

సాండింగ్

80 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 120, 180, 220 దాకా వెళ్లండి. మధ్యలో నంబర్ ఎగ్గొడితే పాత గీతలు పాలిష్ పడ్డాక బయటపడతాయి. ఆర్బిటల్ సాండర్‌కు మెత్తటి ఫోమ్ ప్యాడ్ తగిలించకపోతే గుండ్రటి అంచు మీద చదును మచ్చలు పడతాయి. వంపుల దగ్గర మెషిన్ ఆపేసి, గుడ్డ వెన్నున్న సాండ్ పేపర్‌ను పట్టీగా చింపి, రెయిల్ చుట్టూ వేసి, కవ్వం తాడు లాగినట్టు రెండు చేతులతో లాగండి. అయితే ఈ గీతలు నారకు అడ్డంగా పడతాయి కాబట్టి చివర్లో అదే నంబర్‌తో నార వెంట చేత్తో రుద్దాలి.

ఎక్కడ బాగా వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది కంటికన్నా చేతికే బాగా తెలుస్తుంది. లైటు ఆపేసి, రెయిల్ పక్కనే కిందుగా ఒక టార్చ్ పెట్టి చూడండి, ఆ తర్వాత కళ్లు మూసుకుని అరచెయ్యి పొడవునా నడిపించండి. తగిలిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టి దాని మీదే పని చేయండి. 180 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పీచు లేచి నిలబడుతుంది. ఆరాక 220తో మెల్లగా రుద్దితే మళ్లీ లేవదు.

ఈ దుమ్మును తేలిగ్గా తీసుకోకండి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఎన్95 స్థాయి మాస్కు పెట్టుకుని, సాండర్‌కు వాక్యూమ్ తగిలించండి. రుమాలు కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు.

పూత, బిగింపు

మిగిలిన కొసలను బెవెల్ గేజ్ కోణానికి కోసి, నట్టు బెజ్జాలకు అదే చెక్క బిళ్లలు జిగురుతో దించి చదును చేయండి. చేతి చెమట రోజూ తగిలే వస్తువు కాబట్టి పల్చటి మూడు కోట్లు వేయండి, కోటుకూ కోటుకూ మధ్య 320 పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. పాలీయురేథేన్ ఎక్కువ కాలం నిలుస్తుంది. నూనె పూత అయితే అరిగిన చోట మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు, చేతికి కూడా చెక్కలాగే తగులుతుంది. లిన్సీడ్ నూనె పీల్చిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

గోడ బ్రాకెట్ల మధ్య దూరం 900 మి.మీ. దాటనివ్వకండి, రెండు చివర్ల బ్రాకెట్లు కొసలకు దగ్గరగానే ఉండాలి. రెయిల్ కొసలను గోడ వైపు మళ్లించి మూసేస్తే సంచీ పట్టీలు, చొక్కా చేతులు తగులుకోవు. బ్రాకెట్ స్క్రూలకు ముందుగా సన్నటి బెజ్జం వేయాలి, లేకపోతే గట్టి చెక్క పగులుతుంది. బిగించాక రెయిల్‌ను పట్టుకుని మీ బరువంతా వేసి కిందికీ, బయటికీ లాగి చూడండి. ఎక్కడైనా కిర్రుమంటే అక్కడి బ్రాకెట్ గోడలో సరిగ్గా పట్టుకోలేదు, విప్పి వేరే యాంకర్‌తో మళ్లీ బిగించాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక చెక్క కాస్త సర్దుకుంటుంది కాబట్టి అప్పుడు స్క్రూలన్నీ ఇంకోసారి బిగించండి.